పసుపు లైటు పడితే గుండె దడే

అయ్యా,

మా పట్టణంలో కాలువ వంతెన దిగగానే ఉన్న నాలుగు రోడ్ల కూడలిలో సిగ్నల్ పెట్టారు, సంతోషమే, కానీ దాని టైమింగ్ చూస్తే సిగ్నల్ లేని రోజులే నయమనిపిస్తోంది. పసుపు లైటు ఇలా వెలిగి అలా ఆరిపోతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండికే సుమారు 3 సెకన్ల పసుపు కావాలి, మరి ధాన్యం బస్తాలతోనో రొయ్యల ట్రేలతోనో వంతెన వాలులో దిగే లారీ ఎక్కడ ఆగుతుంది? అది కూడలి మధ్యలో ఉండగానే అడ్డరోడ్డుకి పచ్చ లైటు పడుతుంది, ఆటోలు, స్కూటీలు ఒక్కసారిగా దూకుతాయి (ఎరుపు పోకముందే గేరేసి ఉరికేవాళ్లకి వేరే దండం పెట్టాలి). మధ్యలో ఒకటి రెండు సెకన్లు అన్ని వైపులా ఎరుపే ఉంచితే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. దీనికి కొత్త స్తంభాలేం అక్కర్లేదు, కంట్రోల్ బాక్సులో అంకెలు మారిస్తే చాలు.

నడిచేవాళ్ల సంగతి మరీ అన్యాయం. సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్కేసినా 15 మీటర్ల రోడ్డు దాటడానికి 12 సెకన్లు దాటుతుంది, మోకాళ్ల నొప్పులతో రైతుబజారు సంచి మోసుకెళ్లే మామ్మగారికి ఇంకా ఎక్కువే. డివైడర్ దగ్గర ఆవిడ బిక్కుబిక్కుమంటూ నిలబడిపోతుంటే చుట్టూ హారన్లు. కోతలు మొదలై ట్రాక్టర్ల రద్దీ పెరగకముందే అధికారులు ఒక్క పూట అక్కడ నిలబడి చూసి, టైమింగ్ సరిచేయాలి.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా