ప్రాగ్ ట్రిప్పుకు సాయం చేసిన అన్నలకు, అక్కలకు కృతజ్ఞతలు

జర్మనీలోని డ్రెస్డెన్‌లో చదువుకుంటున్న మా ఐదుగురి తరఫున రాస్తున్నాం. శని, ఆదివారాల్లో చెక్ రాజధాని ప్రాగ్ వెళ్లొద్దామనుకుంటున్నామని ఒక్క మాట అడిగితే, అర్ధరాత్రి దాకా కూర్చుని జవాబులు పెట్టిన సీనియర్లందరికీ ధన్యవాదాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చెప్పిన సంగతులు మాత్రం రాస్తున్నాం, తర్వాత వెళ్లేవాళ్లకు పనికొస్తాయి. చార్లెస్ వంతెన ఎక్కడుందో ఏ మ్యాపైనా చూపిస్తుంది. మీరు చెప్పినవి మ్యాపులో ఉండవు.

మొదటి దండం పాస్‌పోర్టు గురించి మా చెవిలో పోరిన అక్కకు. జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉన్నవాళ్లకు చెక్ దేశానికి వేరే వీసా అక్కర్లేదు. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాల్లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) తిరగొచ్చు. కొత్తగా వచ్చి ఇంకా కార్డు అందనివాళ్లకు పాస్‌పోర్టులోని డి వీసా (ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చేది) గడువులో ఉంటే సరిపోతుంది. అయితే కార్డు ఒక్కటే జేబులో వేసుకుని బయల్దేరకూడదు, అసలు పాస్‌పోర్టు వెంట ఉండాల్సిందే. ఫోన్‌లో ఫొటో చెల్లదు. చెక్ సరిహద్దులో జర్మనీ 2023 అక్టోబరులో తనిఖీలు మళ్లీ మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు ఎవరూ అడక్కపోవచ్చు. అడిగేది తిరిగొచ్చేటప్పుడే, సరిహద్దు దగ్గరి జర్మన్ ఊరు బాడ్ షాందావ్, డ్రెస్డెన్ మధ్యలో పోలీసులు ఎక్కి సీటు సీటుకూ చూస్తారు.

వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టి ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక కాగితంతో రోజులు నెట్టుకొస్తున్నవాళ్లు మరికాస్త జాగ్రత్తగా ఉండాలంది అక్క. ఆ కాగితంలో ఏ గడికి టిక్కు పడిందన్న దాన్ని బట్టి హక్కులు మారిపోతాయి. ఆస్‌లెండర్‌బెహోర్డెకు, అంటే విదేశీయుల ఆఫీసుకు మెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే సరిహద్దు దాటాలి. "నా ఫ్రెండు వెళ్లొచ్చాడు, ఏం కాలేదు" అన్న మాటకు విలువ లేదు, ఆ ఫ్రెండు కాగితంలో టిక్కు వేరే గడిలో ఉండొచ్చు. ఇంకో మంచిమాట కూడా ఆవిడదే: ప్రభుత్వ బీమా ఉన్నవాళ్ల హెల్త్ కార్డు వెనకవైపే యూరోపియన్ హెల్త్ కార్డు. చెక్‌లో జ్వరమో, కాలు బెణకడమో జరిగితే అక్కడి ప్రభుత్వ వైద్యం దానిమీదే అందుతుంది. పర్సులోంచి తీసి ఇంట్లో పెట్టకండి.

రైలు లెక్క మొత్తం చెప్పింది కెమ్నిట్స్ ఊళ్లో ఉండే అన్న. డ్రెస్డెన్ నుంచి ప్రాగ్‌కు నేరుగా వెళ్లే యూరోసిటీ రైళ్లు దాదాపు రెండేసి గంటలకొకటి ఉన్నాయి, ప్రయాణం రెండు గంటల పైచిలుకు. ఒకే రైలు, ఒకే సీటు, కానీ జర్మన్ రైల్వే సైట్లో ఒక ధర, చెక్ రైల్వే అంటే చెస్కె ద్రాహి సైట్లో ఇంకో ధర ఉంటుంది. రెండూ తెరిచి చూసుకోవాలి. 26 నిండకుండా ఐసిక్ అనే అంతర్జాతీయ విద్యార్థి కార్డు ఉన్న విద్యార్థులకు చెక్ భూభాగంలో సగం ధర రాయితీ ఉంది. ఆ కార్డు రైల్లో చూపించాలి, యూనివర్సిటీ ఐడీ చూపిస్తే ఒప్పుకోరు.

డి-టికెట్, అంటే జర్మనీ అంతటా లోకల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్, యూరోసిటీలో చెల్లదు. దాంతోనే పని కానిద్దామంటే ఎస్1 అనే లోకల్ రైలెక్కి బాడ్ షాందావ్ వెళ్లాలి, అక్కడ యు28 అనే చిన్న రైలెక్కి చెక్ వైపున్న జెచీన్‌లో దిగాలి, అక్కడినుంచి చెక్ రైలు. తప్పు జరిగేది ఇక్కడే. డి-టికెట్ జర్మన్ వైపు చివరి స్టేషన్ షోనా వరకే. షోనా దాటి జెచీన్ దాకా ఉన్నది చిన్న ముక్కే అయినా దానికి వేరే టికెట్ కొనాలి. చెక్ రైల్వే యాప్‌లో బయల్దేరే చోటు డ్రెస్డెన్ అని కొడితే మొత్తం దారికి ధర చూపిస్తుంది, షోనా సరిహద్దు అని కొడితేనే అసలు బాకీ ఎంతో తేలుతుంది. పైగా యు28 గంటగంటకూ ఉండదు. ఎస్1 పది నిమిషాలు లేటైతే బాడ్ షాందావ్ ప్లాట్‌ఫారం మీద పడిగాపులు పడాలి. డబ్బు మిగులుతుంది, కనీసం గంటన్నర పోతుంది. వెళ్లేటప్పుడు ఇలా వెళ్లి, వచ్చేటప్పుడు నేరు రైలెక్కమన్న అన్న సలహాయే సరైనదని మాకూ అనిపిస్తోంది. ఆదివారం సాయంత్రం రైళ్లు కిక్కిరిసిపోతాయి కాబట్టి తిరుగు ప్రయాణానికి సీటు రిజర్వేషన్ తప్పనిసరిగా చేసుకోండి.

ప్రాగ్ వెళ్లేటప్పుడు ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఎల్బె నది మొత్తం అటే. కోనిగ్‌స్టైన్ కోట ఒక్కటే కుడివైపు, స్టేషన్ రాగానే మెడ తిప్పితే కొండమీద కనిపిస్తుంది.

ప్రాగ్‌లో రైలు ముందు హోలెషోవిట్సేలో ఆగుతుంది, తర్వాత హ్లావ్నీ నాద్రజీ, అంటే మెయిన్ స్టేషన్. రెండూ మెట్రో సి లైను మీదే ఉన్నాయి కాబట్టి హాస్టల్ దేనికి దగ్గరో ముందే చూసుకుంటే చాలు. బస్సులో వచ్చేవాళ్లు ఫ్లోరెన్స్‌లో దిగుతారు. అక్కడ బి, సి లైన్లు కలుస్తాయి. ఇది ఇటలీలోని ఫ్లోరెన్స్ కాదు, కంగారుపడకండి. మెట్రోలో గుర్తుంచుకోవాల్సిన మార్పిళ్లు మూడే: ముజెయుమ్‌లో ఎ-సి, ముస్టెక్‌లో ఎ-బి, ఫ్లోరెన్స్‌లో బి-సి. కాగితం టికెట్ కొంటే పసుపు డబ్బాలో దూర్చి ముద్ర కొట్టుకోవాలి. ముద్ర లేని టికెట్ జేబులో ఎన్ని ఉన్నా టికెట్ లేనట్టే లెక్క. ప్రాగ్ టికెట్ల యాప్ పిడ్ లీతాచ్కాలో కొంటే యాక్టివేట్ చేశాక కాసేపటికి గానీ చెల్లుబాటు మొదలవదు. తలుపులు మూసుకునే ట్రాములోకి దూకుతూ బటన్ నొక్కితే ఆ కాసేపట్లో చెకర్ రావచ్చు. ట్రాముల్లో మధ్య తలుపు దగ్గర కార్డు మెషిన్ ఉంటుంది. మెట్రో శుక్ర, శనివారాల్లో రాత్రి ఒంటిగంట ప్రాంతం వరకు, మిగతా రోజుల్లో పన్నెండింటి వరకు. ఆ తర్వాత 91 నుంచి 99 దాకా నంబర్లున్న రాత్రి ట్రాములే దిక్కు. అవన్నీ లాజార్స్కా స్టాపులో కలుస్తాయని ఒక తమ్ముడు చెప్పాడు. శనివారం రాత్రి మమ్మల్ని హాస్టల్‌కు చేర్చింది ఆ ముక్కే.

డబ్బు మార్పిడి గురించి ప్రాగ్‌లో ఉద్యోగం చేస్తున్న అక్క రాసిన పెద్ద మెసేజ్‌కు ఎంత చెప్పినా తక్కువే. చెక్‌లో యూరో కాదు, కొరునా. ఒక యూరోకు ఇరవై నాలుగు, ఇరవై ఐదు కొరునాల దగ్గర ఉంటుంది. పాత ఊరి చౌరస్తా చుట్టుపక్కల "0% కమిషన్" అని పెద్ద బోర్డులు కనిపిస్తాయి. కమిషన్ నిజంగానే సున్నా, కోత అంతా రేటులో ఉంటుంది. కౌంటర్ దగ్గర చూడాల్సింది "నాకుప్" అనే వరుస, అంటే వాళ్లు మన యూరోలు కొనే ధర. అక్కడ 18 అని ఉంటే 100 యూరోలకు వచ్చేది 1,800, రావాల్సింది దాదాపు 2,400. నోటు ఇచ్చేముందే "చేతికెంత వస్తుంది" అని అడిగి, అంకె కాగితం మీద చూడాలి. ఇచ్చేశాక తెలిసినా దారి ఉంది. 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, 1,000 యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా అదే కౌంటర్‌లో రద్దు చేసుకోవచ్చు, రసీదు ఉండాలి. రసీదు పారేస్తే ఆ హక్కూ పోయినట్టే. వీధిలో పక్కకొచ్చి మంచి రేటు ఇస్తానన్నవాడి చేతిలో చాలాసార్లు ఉండేది వేరే దేశపు పాత నోట్లు, రంగు చూసి కొరునా అనుకుంటాం.

అసలు కార్డుతోనే గడిపేయమంది అక్క. అక్కడా ఒక మెలిక ఉంది: ఏటీఎం గానీ, దుకాణం మెషిన్ గానీ "యూరోల్లో తీసుకోమంటారా" అని అడుగుతుంది. తెలిసిన కరెన్సీ కదా అని ఒప్పుకుంటే వాళ్ల రేటు పడుతుంది. ప్రతిసారీ కొరునాల్లోనే అని నొక్కాలి. ఏటీఎం తెర మీద ఆ బటన్ చిన్నగా, మూలన ఉంటుంది. తొందరపడొద్దు.

చూసే వరుస కూడా ఈ ప్రాగ్ అక్కే సరిచేసింది. మేం ప్రాగ్ కోటను ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. కోటలోని సెయింట్ విటస్ చర్చిలో ఆదివారం ప్రార్థనలుంటాయి, సందర్శకులకు మధ్యాహ్నం 12 తర్వాతే తలుపు. అందుకని కోట శనివారానికి మారింది. 22వ నంబరు ట్రామెక్కి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగితే మెట్లెక్కే బాధ లేదు, కానీ జేబుదొంగల భయం ఉంది కాబట్టి ఆ ట్రాములో బ్యాగు వీపున కాదు, పొట్ట మీద వేసుకోవాలి. ప్రాంగణాల్లో తిరగడానికి టికెట్ అక్కర్లేదు. చార్లెస్ వంతెనకు ఆదివారం తెల్లవారుజామునే వెళ్లాలి. 1357లో మొదలైన కట్టడం, ముప్పై విగ్రహాలు. తొమ్మిది దాటితే విగ్రహాలు కాదు, సెల్ఫీ కర్రలు కనిపిస్తాయి. 1410 నాటి ఖగోళ గడియారంలో బొమ్మలు గంటగంటకూ కదులుతాయి, ఉదయం 9 నుంచి రాత్రి 11 వరకు. ఆట ఒక నిమిషం కూడా ఉండదు. దానికోసం అరగంట ముందు నిలబడటం మా దృష్టిలో దండగ.

హాస్టల్ సంగతి క్లుప్తంగా: విదేశీయుల పాస్‌పోర్టు వివరాలు రాసుకోవడం అక్కడి చట్టం, అనుమానపడొద్దు. గది అద్దె కాక ఊరి పన్ను ఒకటి రాత్రికి, మనిషికి లెక్కన పడుతుంది, చాలాచోట్ల కౌంటర్‌లో విడిగా అడుగుతారు.

దారిలో తినడానికి పులిహోర ఎలా చేసుకోవాలో చెప్పిన వదినకు విడిగా నమస్కారం. ఐదుగురికి ఒక పూటకు అర కిలో బియ్యం, పెద్ద నిమ్మకాయంత చింతపండు ఉండలు రెండు. గుజ్జు నూనె తేలేదాకా ఉడకాలి. అన్నం పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లార్చాకే కలిపి డబ్బాలో పెట్టాలి. వేడిమీద మూత పెడితే ఆవిరి నీళ్లై దిగి పాసిపోతుంది. ఉల్లిపాయ వద్దు, పెరుగన్నం అసలే వద్దు. తెల్లవారి వండింది మధ్యాహ్నానికల్లా తినేయాలి. బయట శాకాహారులకు అన్నిచోట్లా దొరికేది స్మజెనీ సీర్, అంటే వేయించిన చీజు. బంగాళదుంప సూపులో పంది మాంసం ముక్కలుండొచ్చు, అడిగి తినండి. బల్లమీద అడక్కుండా పెట్టిన బ్రెడ్డుకు బిల్లు వేస్తారు.

జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, ప్రాగ్‌లో తెరిచే ఉంటాయి. సోమవారానికి కావాల్సిన పాలు, కూరగాయలు రైలెక్కేముందు కొనుక్కోమన్నది కూడా కెమ్నిట్స్ అన్నే. జర్మన్ ఖాళీ సీసాలు మాత్రం అక్కడికి మోసుకెళ్లకండి, 25 సెంట్ల డిపాజిట్ అక్కడ తిరిగి ఇవ్వరు.

మా దగ్గర నాలుగు వందల చిల్లర కొరునాలు మిగిలాయి, ఎక్కువగా నాణేలే. నాణేలను మార్పిడి కౌంటర్లలో తీసుకోరు. వచ్చే వారాల్లో ప్రాగ్ వెళ్లేవాళ్లెవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, డ్రెస్డెన్‌లో మా హాస్టల్ కింద వంటగదిలో ఇచ్చేస్తాం. టాయిలెట్లకు, లాకర్లకు పనికొస్తాయి.