కోపం తగ్గిస్తామన్న మీ సంస్థ మీద నా కోపం గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
(మీ పేరేమిటని బ్రాంచిలో అడిగితే "మీకెందుకు సార్" అన్నారు. అందుకే హోదాతో సరిపెడుతున్నాను.)

అయ్యా,

మీ ఎంవీపీ కాలనీ బ్రాంచిలో కోపం తగ్గడానికి ఆక్యుపంక్చర్ (సూదుల వైద్యం) ప్యాకేజీ తీసుకున్నాను. డబ్బంతా ముందే కట్టాను. సిట్టింగులు సగంలో ఉండగా డాక్టరమ్మ మానేశారు. ఎందుకు మానేశారు, మీరు జీతం సరిగ్గా ఇచ్చారా లేదా అన్నది మీ ఇంటి గొడవ. సర్వీసంతా స్టీల్ ప్లాంటులో చేసినవాణ్ణి, మనుషులు వస్తుంటారు పోతుంటారని నాకూ తెలుసు. ఈ ఉత్తరం అందుక్కాదు. ఆ తర్వాత మీవాళ్లు నన్ను తిప్పిన తిప్పుడుకి.

రిసెప్షన్లో అమ్మాయి "సోమవారం కొత్త డాక్టర్ గారు వస్తారు సార్" అంది. సోమవారం వెళ్తే డాక్టరు సంగతి దేవుడెరుగు, ఆ అమ్మాయే లేదు. ఆ కుర్చీలో ఉన్న కుర్రాడు నా కార్డు అటూ ఇటూ తిప్పి, "ఇది పాత ప్యాకేజీ సార్, సిస్టంలో కనపడదు" అన్నాడు. డబ్బు కట్టేటప్పుడు సిస్టంకి నేను బాగానే కనపడ్డానే! "అసిల్‌మెట్ట బ్రాంచిలో అడగండి" అన్నాడు. అక్కడున్నది ఫిజియోథెరపీ. వాళ్లు గాజువాక పొమ్మన్నారు. ఎండలో బస్సెక్కి గాజువాక వెళ్తే షట్టరు దించి ఉంది. పక్కనున్న టీ కొట్టాయన "అదా? ఎప్పుడో ఎత్తీసారు బాబూ" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు ఉన్నదున్నట్టు చెప్పింది ఆయనొక్కడే. వీలైతే ఆయన్ని మీ కస్టమర్ కేర్లో పెట్టుకోండి.

మీ కస్టమర్ కేర్ సంగతి ఇంకా బాగుంటుంది. ఒకటి నొక్కండి, మూడు నొక్కండి, ఆ తర్వాత వేణునాదం. మధ్యలో ఒక మెత్తటి గొంతు "గట్టిగా ఊపిరి పీల్చుకోండి, నెమ్మదిగా వదలండి" అంటుంది. పీల్చుకున్నాను. వదిలాను. లైను కట్టయింది. మళ్లీ చేస్తే హిందీలో ఎత్తారు. తెలుగువాళ్లు కావాలంటే మళ్లీ వేణువే. ఎట్టకేలకు ఒకాయన టికెట్ నంబరిచ్చి, ఇరవై నాలుగు గంటల్లో ఫోన్ వస్తుందన్నాడు. ఫోన్ రాలేదు. "మీ సమస్య పరిష్కరించినందుకు ఆనందంగా ఉంది" అని మెసేజ్ వచ్చింది. ఆనందం ఎవరికో రాయలేదు.

ఇదంతా నేను మింగేవాణ్ణే. మింగలేనిది ఆ తర్వాత జరిగింది. మీ బ్రాంచి మేనేజరు గారిని పట్టుకుని రసీదు ముందు పెట్టి అడిగాను. అవును, గొంతు పెంచే అడిగాను. ఆయన చిరునవ్వు చెదరకుండా "చూశారా సార్, మీ లివర్ ఎనర్జీ బ్లాకయి ఉంది, అందుకే ఇంత కోపం. ఇంకో ప్యాకేజీ తీసుకోండి, సీనియర్ సిటిజన్ డిస్కౌంటిస్తాను" అన్నాడు. అని ఊరుకోలేదు, నా ఫైలు తీసి ఏదో రాశాడు. తొంగి చూశాను. "లక్షణాలు తగ్గలేదు" అని ఉంది. నా డబ్బు సంగతి నేను అడగడం లక్షణమట! ఇక మీ దగ్గర ఎవడు ఏమడిగినా జబ్బు కిందే జమేస్తారన్నమాట. ఎంత హాయైన వ్యాపారమండీ.

ఆ లివర్ సంగతి ఆయన నాకు చెప్పక్కర్లేదు. డాక్టరమ్మ మొదటి రోజే చెప్పారు. చైనా పాత వైద్యంలో కోపాన్ని కాలేయంతో ముడిపెడతారు. అయితే వాళ్ల లెక్కలో కాలేయమంటే మన స్కానింగులో కనపడేది ఒక్కటే కాదు, ఒంట్లో "చీ" అనే ప్రాణశక్తి సాఫీగా పారేలా చూసేది కూడా. అందుకే పాదం మీద బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో, "తాయ్‌చోంగ్" అనే చోట సూది పెట్టేవారు. చేతిలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇంకొకటి. రెండు చేతులవీ రెండు పాదాలవీ కలిపి "నాలుగు ద్వారాలు" అంటారట. కనుబొమల మధ్య ఒకటి, మణికట్టు మడత మీద చిటికెనవేలి వైపు ఒకటి. వెంట్రుకంత సన్నటి సూదులు, ఒకసారి వాడి పారేసేవి. నొప్పనలేం, అక్కడ బరువుగా, లోపల ఎవరో లాగుతున్నట్టు ఉండేది. అరగంట తర్వాత లేస్తే భుజాలు దిగి ఉండేవి, రాత్రి నిద్ర పట్టేది. అది సూది మహిమో, అరగంట ఫోన్ లేకుండా పడుకున్న మహిమో నేను తేల్చలేను.

ఆవిడా తేల్చి చెప్పలేదు. "ఇది తోడు వైద్యం సార్. కోపం మీద గట్టి రుజువులు ఇంకా తక్కువే. బీపీ మాత్ర మానకండి. కోపం చెయ్యి దాటుతోందనిపిస్తే సైకాలజిస్టు దగ్గరికెళ్లండి, కౌన్సెలింగుకి ఇది బదులు కాదు" అన్నారు. ఆ మాటకే ఆవిడ మీద నాకు గురి కుదిరింది. మీ గోడ మీద మాత్రం "కోపం మాయం" అని నిలువెత్తు బోర్డు! ఈ విద్యని యునెస్కో 2010లో మానవజాతి వారసత్వ జాబితాలో పెట్టింది, మీరు సేల్స్ టార్గెట్ల జాబితాలో పెట్టారు. కోపం ఎప్పుడొచ్చింది, ముందుగా ఒంట్లో ఏం తెలిసింది అన్నది నోటుబుక్కులో రాసుకోమన్నారావిడ. రాస్తున్నాను. "దవడ బిగిసింది, కాల్ సెంటర్." "చెవులు వేడెక్కాయి, కాల్ సెంటర్." ఇప్పుడా పుస్తకం నిండా మీరే.

బోర్డు లేచిన కొత్తలో మీ కుర్చీలు ఖాళీగా ఉన్నప్పుడు మా తోడల్లుణ్ణి, ఆయన వియ్యంకుణ్ణి, ఉక్కునగరంలో మా పాత సెక్షన్ వాళ్లని తెచ్చి చేర్పించింది నేను. కమీషన్ అడిగానా? కాఫీ కూడా అడగలేదు. వాళ్లిప్పుడు "మీరు చెప్తేనే కదా కట్టాం" అంటుంటే మొహం ఎక్కడ పెట్టుకోను?

మిగిలిన సిట్టింగులకి అర్హత ఉన్న డాక్టర్ని పెట్టండి, లేదా ఆ డబ్బు తిరిగివ్వండి. అది ఎలాగూ మీరు తేల్చాల్సిందే. ముందు మాత్రం ఆ ఫైలు తెప్పించి "లక్షణాలు తగ్గలేదు" అన్న వాక్యం కొట్టించి, "ఫిర్యాదు చేశారు" అని రాయించండి. సంతకం మీరే పెట్టాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్లో కేసు వేస్తాను. డబ్బు పుచ్చుకుని సేవ ఎగ్గొట్టడాన్ని ఏమంటారో వాళ్లే మీకు చెప్తారు. ఇంకోటి. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లలో బీపీ లేనివాణ్ణి వెతుక్కోవాలి. అందరూ మీకు కాబోయే కస్టమర్లే. అక్కడ నాకు అందరూ తెలుసు, నా గొంతు పెద్దదని మీ ఫైలులోనే ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టీల్ ప్లాంట్ ఉద్యోగి
పెదవాల్తేరు, విశాఖపట్నం

జతపరిచినవి: రసీదు నకలు, "ఆనందంగా ఉంది" మెసేజ్ ప్రింటు.