నింద మేనరికం మీద, తప్పు జన్యువుది

సంపాదకులకు నమస్కారం.

పదేళ్ల పిల్లవాడు నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతుంది. గడప దాటేటప్పుడు బొటనవేలు తగులుతుంది. అరికాలు విల్లులా వంగి, వేళ్లు కొంకర్లు పోతాయి. తండ్రి పిక్కలు చూస్తే అవీ సన్నగానే ఉంటాయి. మా ఉత్తర తెలంగాణ పల్లెల్లో అలాంటి ఇంటిని చూసి ‘మేనరికం చేసుకున్నరు, గందుకే’ అనేస్తారు. ఆ మాట చివరికి తల్లి మీదే పడుతుంది.

కాళ్లూ చేతుల నరాలను దెబ్బతీసే ఈ జబ్బు పేరు చార్కో-మారీ-టూత్. 1886లో దీన్ని వివరించిన ముగ్గురు వైద్యుల పేర్లవి, పళ్లతో ఏ సంబంధమూ లేదు. ఇందులో ఎక్కువగా కనిపించే 1ఏ రకానికి కారణం 17వ క్రోమోజోమ్ మీది పీఎంపీ22 జన్యువు. అది నరాల చుట్టూ ఉండే మైలిన్ పొరకు కావాల్సిన ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. అందరికీ ఆ జన్యువు రెండు ప్రతులుంటే వీరికి మూడుంటాయి. క్రోమోజోమ్‌లోని ఆ భాగం రెట్టింపవుతోందని 1991లో తేలింది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఎవరికీ లేని ఇంట్లో కొత్తగానూ పుడుతుంది. మేనరికంతో ముడిపడిన రకాలు లేకపోలేదు, కానీ అవి వేరే జన్యువులవి.

మడమల మీద నాలుగడుగులు వేయమనండి. వేయలేకపోతే నరాల వేగం చూసే పరీక్ష చేయించాలి. చేతి నరంలో సెకనుకు 50 మీటర్లకు పైగా సాగాల్సిన సంకేతం ఇందులో 38కి లోపే, చాలామందిలో 20 దగ్గరే ఉంటుంది. మోచేతి దగ్గర నరం లావుగా తగలడంతో కుష్టు అనుకునే ప్రమాదం ఉంది. కుష్టులో సాధారణంగా స్పర్శ లేని మచ్చ ఉంటుంది, ఒక నరం పాడైతే ఇంకోటి బాగుంటుంది. ఇందులో రెండు పక్కలా ఒకే తీరు.

డబ్బు వృథా అయ్యేది ఆ తర్వాతే. వేలకు వేలు పోసి జన్యువులన్నీ చదివించినా ‘ఏమీ లేదు’ అని రావచ్చు. ఆ పరీక్ష ప్రధానంగా అక్షరదోషాలు వెతుకుతుంది. ఒక పుట రెండుసార్లు కుట్టారా, అంటే జన్యువు ప్రతి అదనంగా ఉందా అన్నది దానికి అందకుండా పోవచ్చు. నరాల వేగం తక్కువని తేలితే ముందు జన్యువు ప్రతులను లెక్కపెట్టే ఎంఎల్‌పీఏ పద్ధతిలో పీఎంపీ22 డూప్లికేషన్ పరీక్ష రాయమని డాక్టర్‌ను అడగండి. ఊదా మూత గొట్టంలో రెండు మూడు మిల్లీలీటర్ల రక్తం చాలు. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, పెళ్లి, కాన్పు విషయాలు అక్కడ మాట్లాడుకోవచ్చు.

జబ్బును నయం చేసే మందు ఇంకా రాలేదు. బీ12 సూదులతో ఇది ఆగదు, విటమిన్ సీ పెద్ద మోతాదులో ఇచ్చి చూసినా ఫలితం లేకపోయింది. పనికొచ్చేది చీలమండను నిలబెట్టే ప్లాస్టిక్ స్ప్లింట్. నూలు మేజోడు మీదే తొడగాలి. తీశాక ఎర్ర గుర్తు అరగంటలో పోకపోతే స్ప్లింట్ సరిచేయించాలి, లేదంటే పుండవుతుంది. స్పర్శ తగ్గిన కాళ్లతో మే నెల ఎండలో ఉత్తకాళ్లతో పొలానికి పోవద్దు. రోజూ రాత్రి అరికాళ్లు చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, రక్త క్యాన్సర్లకు వాడే విన్‌క్రిస్టిన్ వీరికి మామూలు మోతాదులోనే కాళ్లూ చేతులూ పడిపోయేలా చేయగలదు. కుటుంబంలో ఈ జబ్బు ఉన్నవారు ఏ ఆసుపత్రికి వెళ్లినా ఆ మాట కేస్ షీట్ మొదటి పేజీలోనే ఎర్ర సిరాతో రాయించుకోవాలి.

– కొందరు ఫిజియోథెరపిస్టులు, హన్మకొండ