జెర్సీల మీద దొంగ ఎమ్మార్పీ ట్యాగులు

సంపాదకులు గారికి,

అయ్యా,

అమెరికా, కెనడా, మెక్సికో దేశాల్లో 2026 జూన్ 11న మొదలై జులై 19 వరకు సాగే ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల సందడి విజయవాడ బజార్లలో అప్పుడే కనిపిస్తోంది. బీసెంట్ రోడ్డు తోపుడుబళ్లు మొదలుకొని బందరు రోడ్డులోని అద్దాల షోరూముల వరకు అర్జెంటీనా నీలం తెలుపు చారలు, బ్రెజిల్ పసుపు, పోర్చుగల్ ఎరుపు వేలాడుతున్నాయి. పుట్టినరోజుకైనా, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్నందుకైనా, వేసవి సెలవులకు అమ్మమ్మ ఇంటికి వచ్చిన మనవడికైనా ఇప్పుడు పెద్దలు కొనే బహుమతుల్లో జెర్సీదే ముందు వరుస. 2025 డిసెంబరు 13న అర్జెంటీనా ఆటగాడు మెస్సీ హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి వచ్చి వెళ్లాక, వీపు మీద ఆయన పేరూ 10వ నంబరూ ఉన్న చొక్కా కావాలని అడగని పిల్లవాడు అరుదు. క్రికెట్ తప్ప మరో ఆట పట్టని మన ఊళ్లో ఇది సంతోషించవలసిన మార్పే. ఈ గిరాకీని ఆసరాగా చేసుకొని కొన్ని దుకాణాలు సాగిస్తున్న ఒక మోసాన్ని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

మూడు నాలుగు వందల రూపాయలకు మించని నకలు జెర్సీకి పేరున్న కంపెనీ గుర్తు కుట్టి, దాని మెడకు 4,999 రూపాయల ఎమ్మార్పీ ట్యాగు తగిలించి, ఆ ధరను ఎర్ర సిరాతో కొట్టేసి, ‘ప్రపంచకప్ ఆఫర్’ అంటూ రెండు వేలకు అంటగడుతున్నారు. వస్త్రలత మార్కెట్‌లో టోకు బట్టల వ్యాపారంలో చాలాకాలం గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక చౌక బట్ట మీద నాకు చిన్నచూపు లేదు. మూడు వందల పాలియెస్టర్ చొక్కా వేసుకొని పిల్లవాడు ఇందిరాగాంధీ స్టేడియం చుట్టుపక్కల సాయంత్రమంతా బంతి తన్నుకుంటే అది మంచి బేరమే. మూడు వందల సరుకును మూడు వందల సరుకుగా అమ్మకుండా, దానికి లేని హోదా కట్టబెట్టి రెండు వేలు గుంజడం మీదనే నా అభ్యంతరమంతా.

ఈ మోసం ఇంత సులువుగా సాగడానికి కారణం, డబ్బు పెట్టే మనిషి వేరు, తొడుక్కునే మనిషి వేరు కావడమే. పద్నాలుగేళ్ల కుర్రవాడు ఏ జట్టు ఏ కంపెనీ బట్టలు కడుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, కాని కొనడానికి వచ్చేది ఆ కుర్రవాడు కాదు. వాడికి తెలియకుండా కొని ఆశ్చర్యపరచాలనుకున్న మేనమామో, పింఛను డబ్బు జేబులో పెట్టుకొని వచ్చిన తాతయ్యో వస్తారు. వారికి మాంచెస్టర్‌లో రెండు పెద్ద క్లబ్బులున్నాయనీ, ఒకటి ఎరుపు, మరొకటి లేత నీలమనీ, ఒకదాని అభిమానికి రెండోదాని చొక్కా ఇస్తే వాడు మర్యాదకు పుచ్చుకున్నా బీరువాలోంచి బయటికి తీయడనీ తెలియదు. అమ్మేవాడికి మాత్రం కొనేవారికి తెలియదన్న సంగతి బాగా తెలుసు.

నాకు తెలిసినంతలో కొన్ని వివరాలు మీ పాఠకుల ముందుంచుతాను. కంపెనీలు ఒకే జెర్సీని రెండు రకాలుగా తయారుచేస్తాయి. మైదానంలో ఆటగాడు తొడుక్కునేదానికి సరిసమానమైనది ఒకటి, అభిమానుల కోసం కాస్త వదులుగా కుట్టేది రెండోది. మొదటిదాన్ని ప్లేయర్ వెర్షన్ అనీ, రెండోదాన్ని ఫ్యాన్ వెర్షన్ అనీ వ్యవహరిస్తారు. ప్లేయర్ వెర్షన్ బట్ట పలుచగా ఉండి ఒంటికి అతుక్కుంటుంది, దానిపై జట్టు చిహ్నాన్ని సాధారణంగా వేడితో అతికిస్తారు. ఫ్యాన్ వెర్షన్‌లో చిహ్నం ఎక్కువగా దారంతో కుట్టి ఉంటుంది, ధర కూడా తక్కువ. నడుము దగ్గర నాలాగా కాస్త విస్తరించిన పెద్దమనిషికి ప్లేయర్ వెర్షన్ బహుమతిగా ఇవ్వడం అంత దయగల పని కాదు. బజారులో వినిపించే ‘ఫస్ట్ కాపీ’, ‘మాస్టర్ కాపీ’, ‘థాయ్ క్వాలిటీ’ అన్న మాటలకు పై రెండు రకాలతో ఏ సంబంధమూ లేదు. అవన్నీ నకళ్లలో అమ్మకందారులు తమకు తాము ఇచ్చుకున్న తరగతులు. అయినా ‘ఇది ప్లేయర్ వెర్షన్ సార్, అందుకే ఈ రేటు’ అని నకలును అసలు పేరుతో పిలిచి ధర పెంచడం కౌంటర్లలో రివాజైంది.

కుట్టుపని చూసి అసలు నకలు తేల్చడం మాబోటి బట్టల వాళ్లకే ఒక్కోసారి కష్టం. దానికంటే సులువైన మార్గం, ఆ జట్టు ఏ కంపెనీతో ఒప్పందంలో ఉందో చూడటం. అర్జెంటీనా, స్పెయిన్, జర్మనీ జట్లకు అడిడాస్, బ్రెజిల్, ఫ్రాన్స్, ఇంగ్లండ్ జట్లకు నైకీ దుస్తులు సమకూరుస్తున్నాయి. పోర్చుగల్ చాలాకాలం నైకీతో ఉండి 2025 నుంచి ప్యూమాకు మారింది. అలాగే లివర్‌పూల్ క్లబ్బు 2025లో నైకీని వదిలి అడిడాస్‌కు వెళ్లింది. కాబట్టి నైకీ గుర్తున్న పోర్చుగల్ చొక్కాను ‘ఈ ప్రపంచకప్ కొత్త మోడల్’ అని చూపిస్తే అది పాత సరుకైనా కావాలి, నకలైనా కావాలి. అడిడాస్ చారలతో బ్రెజిల్ జెర్సీ కనిపిస్తే ఇక విచారణే అక్కర్లేదు.

చిహ్నం పైనున్న నక్షత్రాలు కూడా కొంత చెబుతాయి. ప్రపంచకప్ గెలిచిన ప్రతిసారికీ ఒక నక్షత్రం చొప్పున బ్రెజిల్‌కు అయిదు, జర్మనీకి నాలుగు, ఫ్రాన్స్‌కు రెండు ఉంటాయి. 1978, 1986ల తరువాత 2022లో ఖతార్‌లో ఫ్రాన్స్‌ను పెనాల్టీలలో ఓడించి గెలిచాక అర్జెంటీనాకు మూడో నక్షత్రం చేరింది. రెండు నక్షత్రాల అర్జెంటీనా చొక్కాను ఇప్పటిదని అమ్మితే ఆ మాట అబద్ధమే. ఉరుగ్వే ఒక్కటే ఈ లెక్కకు లొంగదు. ఆ జట్టు గెలిచిన ప్రపంచకప్‌లు రెండే అయినా, 1924, 1928 ఒలింపిక్స్ విజయాలను కూడా కలుపుకొని నాలుగు నక్షత్రాలు ధరిస్తుంది. ఇక చొక్కా లోపల చిన్న ట్యాగు మీద ఉండే కోడ్ గురించి పిల్లలు గొప్పగా చెబుతుంటారు. ఆ కోడ్‌ను ఫోన్‌లో వెతికితే వేరే వస్తువు బొమ్మ వస్తే అది నకలే, అందులో సందేహం లేదు. అదే జెర్సీ బొమ్మ వచ్చినంత మాత్రాన అసలని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే చొక్కాను నకలు చేసినవాడు ట్యాగును నకలు చేయకుండా ఊరుకోడు.

వీటన్నిటికంటే గట్టి రక్షణ బిల్లు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 2,500 రూపాయల వరకు ధరగల దుస్తులకు జీఎస్టీ 5 శాతం, అంతకు మించితే 18 శాతం. కంపెనీ పేరు, వస్తువు పేరు, పన్ను వివరం రాసి బిల్లు ఇమ్మని అడిగి చూడండి. నిజమైన సరుకు ఉన్న దుకాణదారు మారుమాట లేకుండా ఇస్తాడు. రెండోవాడు తెల్లకాగితం మీద ‘టీషర్టు 1’ అని గీకి ఇస్తాడు, లేదా బిల్లు కావాలంటే పన్ను అదనమని మెల్లగా చెబుతాడు. ఎమ్మార్పీ అంటేనే అన్ని పన్నులూ కలిసిన ధర అన్న సంగతి ఆ కౌంటరు మీద ఎవరికీ గుర్తుండదు. తెల్లకాగితం పట్టుకొని వినియోగదారుల కమిషన్ ముందు నిలబడితే నిరూపించగలిగేది చాలా తక్కువ.

చట్టాలకు కొదవ లేదు. ఇతరుల ట్రేడ్‌మార్కును దొంగగా వాడిన సరుకు తయారుచేసినా, అమ్మినా 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 103, 104 సెక్షన్ల కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. దుస్తుల ట్యాగు మీద ఎమ్మార్పీ, సైజు, తయారీదారు లేదా మార్కెట్ చేసే సంస్థ పేరు, ఫిర్యాదు చేయడానికి ఫోన్ వివరాలు ఉండాలని తూనికలు కొలతల శాఖ నిబంధనలు చెబుతున్నాయి. నేను చూసిన దొంగ ట్యాగుల మీద ధర మాత్రం దూరానికి కూడా కనిపించే అక్షరాల్లో ఉంది, తయారీదారు పేరు మాత్రం లేదు. చిహ్నం అసలుదా కాదా అని తేల్చడానికి నిపుణులు కావాలేమో కాని, తయారీదారు పేరు లేని ట్యాగును పట్టుకోవడానికి కళ్లుంటే చాలు.

‘తెలిసే కొంటున్నారు కదా, ఎవరికి నష్టం’ అని కొందరు వర్తక మిత్రులు నాతో వాదించారు. బీసెంట్ రోడ్డులో బండి మీద రెండు వందల యాభైకి కొనేవాడు తెలిసే కొంటాడన్న మాట నిజమే. చట్టం దృష్టిలో అదీ తప్పే అయినా, అధికారులు తమ ప్రతాపం మొదట ఆ బండి మీద చూపాలని నేను కోరడం లేదు. ఏసీ షోరూములో, అద్దాల బీరువాలో, అసలు సరుకు పక్కనే నకలును పెట్టి అమ్మేచోట కొనేవాడు తెలిసి కొనడం లేదు. అతని చేత తెలియకుండా కొనిపించడమే అక్కడి వ్యాపారం. పైగా దాని తరువాతి నష్టం బహుమతి పుచ్చుకున్న పిల్లవాడిది. స్నేహితుల్లో ఎవడో ఒకడు కాలరు తిప్పి చూసి ‘ఇది డూప్లికేట్‌రా’ అనడం ఖాయం. ఆ మాట ఇంట్లో చెబితే తాతయ్య నొచ్చుకుంటాడని వాడు చెప్పడు. అందువల్లనే ఈ ఫిర్యాదులు ఏ అధికారి దాకా రావడం లేదని నా అనుమానం.

కొనేవారి వైపు నుంచి కూడా ఒకటి రెండు విషయాలున్నాయి. ఆశ్చర్యపరచాలన్న సరదాను కొంచెం తగ్గించుకొని, పిల్లవాణ్ణి గాని వాడి స్నేహితుణ్ణి గాని ముందుగా అడగడం మంచిది. ఆటగాళ్లు క్లబ్బులు మారతారు, నంబర్లూ మారతాయి. 2024లో రియల్ మాడ్రిడ్ క్లబ్బులో చేరిన ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె మొదటి ఏడాది 9వ నంబరు ధరించి, మరుసటి సీజన్‌కు 10కి మారాడు. క్లబ్బులు ఏటా కొత్త జెర్సీ తెస్తాయి. అందులోనూ సొంత మైదానానికి ఒకటి, పరాయి మైదానానికి ఒకటి, ఇవి చాలవన్నట్టు మూడోది ఒకటి. ఇదంతా ఏటా మన జేబు ఖాళీ చేయించే ఏర్పాటే అయినా దీనిలోనే ఒక వెసులుబాటు కూడా ఉంది. సీజన్ ముగిశాక కంపెనీల సొంత దుకాణాల్లో గత ఏడాది అసలు జెర్సీ బాగా తగ్గింపు ధరకు దొరుకుతుంది. నా ఉద్దేశంలో ఈ ఏటి నకలు కంటే నిరుటి అసలు ఎంతో మేలైన బహుమతి. అయితే పేరు, నంబరు కొత్తగా ముద్రించి ఇచ్చినవాటిని సాధారణంగా వెనక్కి తీసుకోరు కనుక, సైజు ఖాయం చేసుకోకుండా ముద్రణకు ఇవ్వకూడదు. ఎదిగే పిల్లలకు ఒక సైజు పెద్దదే తీసుకోవాలి.

జెర్సీ కాకపోతే టోపీ, బ్యాగు, నీళ్ల సీసా, కాఫీ కప్పు వంటివి ఉన్నాయి. ఇంగ్లండు చలికి పుట్టిన క్లబ్బు మఫ్లర్లను ఇక్కడ వందల కొద్దీ ఎందుకు తెచ్చి పెడుతున్నారో మాత్రం నాకు అంతుపట్టదు. బెజవాడ ఎండల్లో దానిని గోడకు తగిలించడం తప్ప చేయగలిగింది లేదు.

పేరున్న చిహ్నం మీద మోజు లేని ఇళ్లకు మరొక దారి ఉంది. మన ఊళ్లోనే టర్ఫ్ మీద ఆడే కుర్రాళ్ల జట్లకు, కాలేజీ జట్లకు చొక్కాలు ముద్రించి ఇచ్చే ప్రింటింగ్ దుకాణాలున్నాయి. పిల్లవాడి సొంత జట్టు పేరు, వాడి పేరు, వాడికి నచ్చిన నంబరు వేయించి ఇస్తే కొద్ది వందలతో పనవుతుంది, ఎవరి ట్రేడ్‌మార్కుతోనూ పేచీ రాదు. అభిమానించడానికి మనకంటూ జట్లు లేకపోలేదు. ఎస్.ఎ. రహీం శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన హైదరాబాద్ వారు. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే జాతీయ ఫుట్‌బాల్ పోటీ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్ల పేరుతో ఒక్క చొక్కా కూడా విజయవాడలోనో గుంటూరులోనో నా కంటపడలేదు. నీలం రంగు భారత ఫుట్‌బాల్ జెర్సీ అడిగితే క్రికెట్ జెర్సీ తెచ్చి చూపించారు.

తూనికలు కొలతల శాఖ అధికారులకు నా విజ్ఞప్తి ఒక్కటే. పోటీలు మొదలయ్యాక కాక మే నెలలోనే, సరుకు దుకాణాలకు చేరే సమయంలోనే, బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు షోరూముల్లోనూ, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేట దుకాణాల్లోనూ జెర్సీల ట్యాగులను తనిఖీ చేయండి. వర్తక సంఘాలు కూడా ట్యాగుల సంగతి సభ్యులకు గట్టిగా చెప్పాలి. ఏ చిహ్నమూ లేని నీలం తెలుపు చారల చొక్కాను దాని న్యాయమైన ధరకు అమ్ముకుంటే కాదనేవారు లేరు. ఇప్పటికే మోసపోయినవారు, బిల్లు చేతిలో ఉంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. దుకాణదారు ఎమ్మార్పీ ట్యాగు కత్తిరించి ఇవ్వబోతే ఒప్పుకోకుండా, దానిని బిల్లుతో పాటు దాచుకోవాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
సత్యనారాయణపురం, విజయవాడ.