ట్రక్కు కొనే ముందు ఇన్సూరెన్స్ సంగతి

చి. కార్తీక్‌ను అమ్మ ఆశీర్వదించి రాయునది.

"ట్రక్కు దాదాపు ఖాయమైపోయింది, ఇన్సూరెన్స్ ఎంతవుతుందో ఒక్క నంబర్ చెప్పమ్మా చాలు" అన్నావు ఫోన్లో, ఫ్రెండ్‌తో కలిసి సరుకు రవాణా మొదలుపెడతానంటూ. ఒక్క నంబర్‌తో తేలే పనైతే అప్పుడే చెప్పేదాన్ని. ఇండియానాపోలిస్‌లో ఇన్నేళ్లుగా ట్రక్కుల పాలసీలు రాయిస్తున్న మనిషిని, సొంత కొడుక్కి నోటికొచ్చిన అంకె చెప్పి ఊరుకోలేను. ఫోన్లో వివరంగా చెప్పబోతే మధ్యలో మీటింగ్ అంటావు. అందుకే రాస్తున్నా. కోడలికి కూడా చూపించు, లోన్ కాగితాల మీద తన సంతకం కూడా పడబోతోంది కదా.

ముందు చట్టం సంగతి. పదివేల పౌండ్లు దాటిన బండితో, కిరాయికి, రాష్ట్రాల సరిహద్దులు దాటి మామూలు సరుకు మోసే కంపెనీకి కనీసం 7,50,000 డాలర్ల లయబిలిటీ, అంటే ఎదుటివాళ్లకి జరిగిన నష్టానికి కట్టే బీమా, ఉండాలి. 1980 నాటి మోటార్ క్యారియర్ చట్టం తెచ్చిన పరిమితి ఇది. 1985 జనవరి నుంచి ఆ అంకె మారలేదు. ఆస్పత్రి ఖర్చులు ఎన్ని రెట్లు పెరిగినా అది మాత్రం అక్కడే కూర్చుంది. ప్రమాదకరమైన సరుకైతే, రకాన్ని బట్టి 10 లక్షలు లేదా 50 లక్షల డాలర్లు. నువ్వు ఆ జోలికి పోకు.

అయితే 7,50,000 పాలసీతో నీకు లోడ్లు రావు. లోడ్లు ఇప్పించే బ్రోకర్లు దాదాపు అందరూ 10 లక్షల డాలర్ల లయబిలిటీ, మోసే సరుకు మీద లక్ష డాలర్ల కార్గో బీమా అడుగుతారు. కార్గో ఇన్సూరెన్స్ అయితే మామూలు సరుకు మోసేవాళ్లకి 2011 నుంచి ఫెడరల్ ప్రభుత్వం తప్పనిసరి చేయడం లేదు, ఇళ్ల సామాన్లు మార్చేవాళ్లకే ఆ నియమం మిగిలింది. మీ ఫ్రెండ్ "కార్గో అక్కర్లేదట" అన్నాడంటే ఇది విని ఉంటాడు. కాగితం మీద నిజమే. కానీ అది లేకుండా మన ఊరి పక్క ప్లెయిన్‌ఫీల్డ్ గోదాముల్లో నీకు లోడ్ ఇచ్చే బ్రోకర్ ఉండడు. కార్గో పాలసీలో మినహాయింపులు కూడా చదవాలి. రీఫర్ (సరుకు చల్లగా ఉంచే) ట్రైలర్‌లో కూలింగ్ యూనిట్ చెడిపోయి సరుకు పాడైతే, ఆ కవరేజీ విడిగా కొనుక్కోకపోతే పైసా రాదు. ట్రైలర్‌ని ఎక్కడో వదిలేసి వెళ్లినప్పుడు దొంగతనం జరిగితే చెల్లించబోమని రాసుండే పాలసీలూ ఉంటాయి.

ఇక ఎంసీఎస్-90. దీని దగ్గర కాస్త ఆగి చదువు, ఎందుకంటే నా కస్టమర్లలో ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది దీన్నే. లయబిలిటీ పాలసీకి జతచేసే ఒక పేజీ అది. బాధితులకు డబ్బు అందేలా చూడటానికి పెట్టింది, నిన్ను కాపాడటానికి కాదు. రేపు నువ్వు రెండో ట్రక్కు కొని, పాలసీలో చేర్చకుండా రోడ్డెక్కించావనుకో. యాక్సిడెంట్ అయి కోర్టు తీర్పు వస్తే, ఎంసీఎస్-90 వల్ల ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు ఫెడరల్ పరిమితి దాకా కట్టాల్సి రావచ్చు. కట్టాక ఆ సొమ్మంతా నీ దగ్గర వసూలు చేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. అంటే అది బీమా కాదు నాన్నా, నీ పేరు మీద తెచ్చిన అప్పు. "ఎంసీఎస్-90 ఉంది కదా, అన్నీ కవర్ అవుతాయి" అని ఎవరైనా అంటే ఆ మనిషి దగ్గర పాలసీ తీసుకోకు.

ఇప్పుడు నువ్వడిగిన నంబర్. విజయవాడలో మావయ్య లారీలకి థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం ప్రకటించిన రేటు, బండి బరువును బట్టి. ఏ కంపెనీకి వెళ్లినా అంతే. ఇక్కడ అలా కాదు. ఒకే మోడల్ ట్రక్కుకి ఒకళ్లకి వచ్చే కోట్ ఇంకొకళ్లకి రెట్టింపు వస్తుంది. కొత్తగా అథారిటీ, అంటే కిరాయికి సరుకు మోసే ఫెడరల్ అనుమతి, తీసుకుని ఒకే ట్రక్కు నడిపేవాళ్లకి లయబిలిటీ, కార్గో, ఫిజికల్ డ్యామేజ్ (మన ట్రక్కుకే జరిగే నష్టానికి) అన్నీ కలిపి ఏడాదికి 15,000 డాలర్లకు కాస్త అటూ ఇటూగా కోట్స్ చూస్తున్నాను, డ్రైవర్ రికార్డు బాగుంటేనే. బాగోకపోతే 20,000 దాటడం వింతేమీ కాదు. అందులో నాలుగో వంతు దాకా మొదటే కట్టమంటారు.

దీన్ని మైళ్లలో పెట్టి చూడు. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 2023లో ఇన్సూరెన్స్ ప్రీమియం మైలుకు సగటున 9.9 సెంట్లు. అది ఎన్నో ట్రక్కులున్న కంపెనీలు కూడా కలిసిన సగటు. నువ్వు 16,000 కట్టి, ఏడాదికి 80,000 మైళ్లు తిప్పితే మైలుకు 20 సెంట్లు. నీ ఎక్సెల్ షీట్‌లో 10 సెంట్లు వేసుకున్నావు, చూశాను. అదెక్కడో ఇంటర్నెట్‌లో దొరికిన ఈ సగటే అయ్యుంటుంది.

ధర ఇంతలా మారడానికి మొదటి కారణం డ్రైవర్. మీ ప్లాన్‌లో నువ్వు ఉద్యోగం మానవు, ఫ్రెండ్ డిస్పాచ్ (లోడ్లు వెతికి బండి పంపే పని) చూస్తాడు, ఒక డ్రైవర్‌ని పెట్టుకుంటారు. అండర్‌రైటర్, అంటే పాలసీ ఇవ్వాలో వద్దో తేల్చే ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి, కళ్లతో చూడు: ఓనర్లిద్దరికీ సీడీఎల్ (ట్రక్కు నడిపే లైసెన్సు) లేదు, ట్రక్కుల అనుభవం లేదు, స్టీరింగ్ పట్టుకునేది వేరే మనిషి, కంపెనీ వయసు సున్నా. చాలామంది అక్కడే ఫైల్ మూసేస్తారు. డ్రైవర్‌కి కనీసం రెండేళ్ల సీడీఎల్ అనుభవం లేకపోతే కోట్ దొరకడమే కష్టం. మీరు ట్రక్కు ఎంచుకున్నారు గానీ డ్రైవర్ ఎవరో ఇంకా తేల్చలేదు. నన్నడిగితే తలకిందులైంది.

రెండోది ఊరు. ఐ-65, ఐ-69, ఐ-70, ఐ-74 అన్నీ వచ్చి ఊరి చుట్టూ ఉన్న 465 రింగ్ రోడ్‌లో కలుస్తాయి, ఎయిర్‌పోర్ట్ పక్కన ఫెడెక్స్ హబ్, వైట్స్‌టౌన్ దాకా గోదాములే. లోడ్లకి కొదవ లేదని నువ్వన్నది నిజం. అంత ట్రాఫిక్ ఉన్నచోట బండి పెడుతున్నావని కంపెనీవాళ్లు కూడా అదే మ్యాప్ చూస్తారు.

మూడోది కోర్టులు. 2024లో సెయింట్ లూయిస్ జ్యూరీ ఒక కేసులో 46.2 కోట్ల డాలర్ల తీర్పిచ్చింది. అది మన ఇండియానా లాఫయెట్‌లోనే ఉన్న వాబాష్ కంపెనీ మీద. వాళ్లు ట్రైలర్లు తయారుచేసేవాళ్లు, నడిపేవాళ్లు కూడా కాదు. తర్వాత జడ్జి ఆ మొత్తాన్ని బాగా తగ్గించారనుకో. కానీ ఇలాంటి వార్తల భయం ఒక్క ట్రక్కు పెట్టుకునే నీలాంటివాడి ప్రీమియంలో కూడా కలుస్తుంది. ఎల్‌ఎల్‌సీ కంపెనీ పెట్టాం కదా, కేసులు మా సొంత ఆస్తి దాకా రావు అంటావేమో. మామూలుగా కాపాడుతుంది. కానీ రికార్డు చూడకుండా డ్రైవర్‌ని పెట్టావని నీ మీదే కేసు వేస్తే లాయర్ ఖర్చులు మాత్రం మొదటి రోజు నుంచే.

ఇంకొకటి, మీ ఫ్రెండ్ చెప్పిన "రేడియస్ (బండి తిరిగే దూరం) 200 మైళ్లని రాయిద్దాం, ప్రీమియం తగ్గుతుంది" అన్న చిట్కా. వద్దు. బండి అట్లాంటా వెళ్తుంటే అట్లాంటా అని రాయాలి. మూడు నెలలకోసారి కట్టే ఇఫ్టా ఇంధన పన్ను రిపోర్టులో ఏ రాష్ట్రంలో ఎన్ని మైళ్లో ఉంటుంది, రెన్యువల్‌కి కంపెనీ అదే అడుగుతుంది. అంతకంటే ముందే క్లెయిమ్ వస్తే ఇంకా టెన్షన్. వాయిదాలు కూడా తేదీకి కట్టాలి. కట్టకపోతే కంపెనీ ఎఫ్‌ఎంసీఎస్‌ఏకి (ట్రక్కులను చూసే ఫెడరల్ సంస్థ) 30 రోజుల రద్దు నోటీసు పంపుతుంది, ఈలోపు కొత్త పాలసీ ఫైల్ కాకపోతే అథారిటీ పోతుంది. ట్రక్కు ఇంటి ముందు ఉంటుంది, లోన్ మాత్రం నడుస్తూ ఉంటుంది.

వద్దని చెప్పడం లేదురా. మొదటి ఏడాది, వీలైతే రెండేళ్లు, ట్రక్కుని ఒక మంచి క్యారియర్ (సరుకు రవాణా కంపెనీ) కింద లీజుకి పెట్టండి. వాళ్ల అథారిటీ, వాళ్ల లయబిలిటీ మీద నడుస్తుంది. మీరు ఫిజికల్ డ్యామేజ్, లోడ్ లేనప్పుడు సొంత పనికి తిప్పుకోవడానికి నాన్-ట్రకింగ్ లయబిలిటీ తీసుకుంటే చాలు. ఇన్సూరెన్స్ ఖర్చు మూడో వంతుకు పడిపోవచ్చు. రాబడిలో వాళ్ల వాటా పోతుంది, ఒప్పుకుంటాను. లీజు కాగితంలో ఏ ఇన్సూరెన్స్ ఎవరు కట్టాలో, నీ సెటిల్‌మెంట్‌లోంచి ఎంత కోస్తారో స్పష్టంగా రాసుండాలి, అది ఫెడరల్ నియమం. సంతకానికి ముందు ఆ పేజీలు నాకు పంపు.

ఈలోపు అడ్వాన్స్ ఇవ్వకు. ట్రక్కు విన్ నంబర్, మీరనుకుంటున్న డ్రైవర్ మోటార్ వెహికల్ రికార్డు, తిప్పాలనుకున్న రూట్లు శుక్రవారంలోగా పంపు. సొంత అథారిటీకి ఒకటి, లీజుకి ఒకటి, రెండు కోట్స్ తెప్పిస్తాను. నా ఏజెన్సీలోనే తీసుకోమనడం లేదు, బయట కూడా అడుగు. గోంగూర పచ్చడి సీసా నాన్నతో పంపిస్తున్నా, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఆశీస్సులతో,
అమ్మ