గుణుపురం తెలుగు సంఘం: 2024–25 జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులకు, పర్లాఖెముండిలోని తల్లి సంఘ పెద్దలకు వందనాలు. 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు ఒడిశా, రాయగడ జిల్లా గుణుపురంలోని 34 కుటుంబాల ఈ కొత్త క్రైస్తవ సంఘానికి వచ్చిన సొమ్ము, పెట్టిన ఖర్చు కింద ఇస్తున్నాం. పాత నిల్వతో కలిపి జమ రూ. 9,88,105. ఖర్చు రూ. 8,46,450. మిగిలింది రూ. 1,41,655, అందులో బ్యాంకులో 1,38,905, కోశాధికారి చేతిలో 2,750. మిషను (సువార్త పని) సొమ్ములో విదేశాల వంతు ఎందుకు కదల్లేదని సర్వసభ్య సమావేశంలో అడిగారు కాబట్టి ఆ పద్దు దగ్గర కాస్త ఎక్కువ రాశాం.

జమ:
పాత నిల్వ – 22,340
ఆదివారపు కానుకలు – 1,46,380
దశమభాగం (సభ్యులు ఆదాయంలో ఇచ్చే పదో వంతు) కవర్లు – 3,12,500
కృతజ్ఞత కానుకలు – 41,750
కోతల పండుగ వేలం – 37,600
పిడికెడు బియ్యం – 18,420
హాలు నిధి చందాలు – 2,85,000
తల్లి సంఘం సాయం – 1,20,000
బ్యాంకు వడ్డీ – 4,115

ఆదివారపు కానుకల్లో రూ. 6,300 ఎవరివో తేలలేదు. ఫోనులో స్కాన్ చేసి పంపేటప్పుడు పేరూ, పద్దూ రాయకపోతే బ్యాంకు కాగితంలో ఒక నంబరు మాత్రమే కనిపిస్తుంది. దశమభాగమో, హాలు చందానో తెలియని సొమ్మును మామూలు కానుకల్లో కలపడం తప్ప దారి లేదు. సంఘం ఖాతా తెరిచేదాకా స్కానర్ పెట్టలేదు. ఒక సంఘ పెద్ద సొంత ఖాతాకు సంఘం సొమ్ము వెళ్తే అది ఆయన ఆదాయంగానే కనిపిస్తుంది, ఏడాది చివర విడదీయడం ఎవరి వల్లా కాదు. సొసైటీ రిజిస్ట్రేషనుకు కనీసం ఏడుగురు సభ్యులు, ఆ పత్రంతో పాన్ కార్డు, పాన్‌తో ఇద్దరి సంతకాల ఖాతా. వరుస ఇదే, ముందు వెనకలు చేస్తే బ్యాంకు తిప్పి పంపుతుంది. రిజిస్ట్రేషను, పాన్, ఆడిట్ కలిపి రూ. 14,600 అయింది.

కోతల పండుగ వేలంలో గుమ్మడికాయలు, పనసకాయలు, కోడిపుంజులు పాడినవారిలో ముగ్గురి నుంచి రూ. 2,300 ఇంకా రావాలి. చేతికి రాని సొమ్ము జమలో చూపలేదు. వచ్చే పండుగ నుంచి డబ్బు కట్టాకే సరుకు.

పిడికెడు బియ్యం లెక్క చాలామందికి ఆశ్చర్యంగా ఉండొచ్చు. వండేముందు తీసే పిడికిలి సుమారు 50 గ్రాములు. 34 ఇళ్లు రోజుకొకటి చొప్పున తీస్తే ఏడాదికి ఆరు క్వింటాళ్లు దాటుతుంది. తూకంలో వచ్చింది 614 కిలోలు, కిలో రూ. 30కి అమ్మాం. మొదటి రెండు నెలలు పచ్చి బియ్యం, ఉప్పుడు బియ్యం ఒకే డబ్బాలో పోశారు. కలిసిన బియ్యాన్ని కొట్టువాడు తీసుకోడు, వంట కూడా సరిగా ఉడకదు. ఇప్పుడు రెండు డబ్బాలు పెట్టాం. రేషను బియ్యం మాత్రం దయచేసి తేవద్దు. అది తిరిగి అమ్మితే నేరం.

తల్లి సంఘం ఇచ్చిన 1,20,000 మొత్తం హాలుకే వాడాం, పాస్టరు గారి జీతానికి ఒక్క రూపాయి మళ్లించలేదు. కొత్త సంఘాలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. జీతం బయటి డబ్బుతో మొదలైతే ఆ డబ్బు ఆగిన నెల పాస్టరు వెళ్లిపోతాడు, ఇవ్వడం అలవాటు కాని సంఘం చూస్తూ ఉండిపోతుంది. హాలు ఒకసారి అయ్యే ఖర్చు, దానికి సాయం తీసుకోవచ్చు. నెలకు రూ. 15,000 చొప్పున 1,80,000 జీతం పూర్తిగా మన కానుకలదే. మామూలు ఆదాయంలో (కానుకలు, దశమభాగం, కృతజ్ఞత, వేలం కలిపి రూ. 5,38,230) అది మూడో వంతు.

హాలు పద్దు. అద్దె హాలుకు 11 నెలలు, నెలకు 5,500 చొప్పున రూ. 60,500. మార్చి నుంచి సొంత షెడ్డులోనే ఆరాధన. స్థలం కొనలేదు, లీజుకు తీసుకున్నాం: అడ్వాన్సు 50,000, దస్తావేజు రాత, స్టాంపు, రిజిస్ట్రేషను 10,000. ఇంతకంటే చవకగా వచ్చిన స్థలాన్ని ఎందుకు వదిలేశారని అడిగినవారికి జవాబు ఇది: రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతం. 1956 నాటి ఒడిశా రెగ్యులేషను 2 ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అమ్మకమే కాదు, లీజు, దానం కూడా బదిలీ కిందికే వస్తాయి. ప్రేమతో ఇచ్చినా చెల్లదు, కట్టిన షెడ్డు ఖాళీ చేయాల్సి వస్తుంది. అందుకే గిరిజనేతరుల పేర ఉన్న ఘరబారి (ఇంటి స్థలం) పట్టా చూసి తీసుకున్నాం.

షెడ్డు 20 అడుగులకు 40. ఖర్చు రూ. 3,48,600: పైపు 1,405 కిలోలు కిలో 80 చొప్పున 1,12,400, రేకులు, మరలు, నీటి దోనె 1,06,200, పునాది సిమెంటు, ఇసుక, కంకర 58,500, వెల్డింగు, కూలి 54,000, కరెంటు పని 17,500. లీజు స్థలం కాబట్టి స్తంభాలను కాంక్రీటులో పాతలేదు, అడుగున ప్లేటు పెట్టి బోల్టులతో బిగించాం. రేపు ఖాళీ చేయాల్సి వస్తే పైపూ రేకూ మనవే. 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను గజపతి, రాయగడ జిల్లాల్లో చేసింది అందరికీ గుర్తే. గాలి రేకును పైనుంచి నొక్కదు, కిందికి దూరి లేపుతుంది. అందుకని అడ్డ పైపులు అయిదు అడుగులకు బదులు నాలుగు అడుగులకొకటి వేయించాం, దానికి పైపు ఎక్కువే పట్టింది. మర రేకు పల్లంలో కాక గట్టు మీద, రబ్బరు వాషరుతో పడాలి. పల్లంలో వేస్తే నీరు ఆ కంతలోంచే దిగుతుంది. పనివాళ్లు తొందరలో పల్లంలోనే వేస్తారు, పక్కన నిలబడి చూడాలి. రేకులు పార్వతీపురం నుంచి తెచ్చాం. 50,000 దాటిన సరుకు రాష్ట్రం దాటితే ఈ-వే బిల్లు (జీఎస్టీ రవాణా పత్రం) ఉండాలి కాబట్టి బిల్లు లేకుండా తక్కువకిస్తామన్న మాట ఒప్పుకోలేదు.

హాలు నిధి, తల్లి సంఘం సాయం కలిపి 4,05,000 కాగా లీజు, షెడ్డు 4,08,600. తేడా 3,600 మామూలు నిధి భరించింది.

మిగతా ఖర్చులు: మైకు సెట్టు 38,700, కుర్చీలు 60 (ఒక్కోటి 480) 28,800, చాపలు 6,200, కరెంటు బిల్లులు 9,860, తెలుగు, ఒడియా పుస్తకాలు 16,240, బల్ల ఆరాధన (ప్రభు భోజనం) సామగ్రి, కాగితాలు 7,450, పేదలకు, రోగులకు సాయం 21,000.

ఈ చివరి పద్దును మిషను పద్దులో కలపకపోవడానికి కారణం ఉంది. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛ చట్టం నగదైనా వస్తువైనా కానుకగా చూపి మతం మార్చడాన్ని ప్రలోభం అంటుంది. శిక్ష ఏడాది జైలు లేదా రూ. 5,000 జరిమానా దాకా, మైనర్లు, స్త్రీలు, ఎస్సీ, ఎస్టీల విషయంలో రెండేళ్లు, 10,000 దాకా. బియ్యం మూట, దుప్పటి మిషను పద్దులో కనిపిస్తే ఎంత మంచి మనసుతో ఇచ్చినా చదివేవాడు వేరుగా చదువుతాడు. సాయం అందుకున్న ప్రతి ఇంటి నుంచి రసీదు ఉంది. 1989 నిబంధనల ప్రకారం మతం మారేవారి బాప్తిస్మానికి 15 రోజుల ముందు కలెక్టరుకు తెలపాలి. ఆ కాగితాల నకళ్లు కూడా ఇదే ఫైలులో ఉంటాయి.

ఇక మిషను నిధి. మామూలు ఆదాయంలో పదో వంతు 53,823, బియ్యం సొమ్ము 18,420, కలిపి రూ. 72,243. షెడ్డు అయ్యాక మొదలుపెడదామన్న సలహా వచ్చింది, తీసుకోలేదు. పైకప్పు అయ్యాక ప్రహరీ, ప్రహరీ అయ్యాక పాస్టరు ఇల్లు, వరుస ఎప్పటికీ తెగదు. తీర్మానం ప్రకారం మూడు వంతులు స్థానికానికి (54,182), ఒక వంతు విదేశానికి (18,061). స్థానికంగా పుట్టాసింగి వైపు సవర గిరిజనుల గ్రామాల్లో సువార్తికుడికి పది నెలలు 3,000 చొప్పున 30,000, బండి పెట్రోలు పన్నెండు నెలలు 1,500 చొప్పున 18,000, సవర, ఒడియా పుస్తకాలకు 6,500, మొత్తం 54,500. వంతు కంటే 318 ఎక్కువైంది, మామూలు నిధి నుంచి సర్దాం.

విదేశీ వంతు కదలకపోవడానికి చట్టమే కారణం. రిజర్వు బ్యాంకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు సొమ్ము పంపే పథకం) కింద ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపే వీలు వ్యక్తులకే ఉంది, సొసైటీకి లేదు. ధార్మిక సంస్థ దేశం బయట ఖర్చు పెడితే, ప్రత్యేక అనుమతి లేనిదే ఆదాయపు పన్ను మినహాయింపులో అది లెక్కకు రాదు. ఇష్టమున్న సభ్యులు తమ పాన్‌తో, తమ ఖాతా నుంచి నేరుగా పంపవచ్చు. అది సంఘం లెక్కలోకి రాదు. లోపలికి వచ్చే సొమ్ముకూ అడ్డు ఉంది. విదేశంలో ఉంటున్న భారత పౌరుడు సొంత జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. ఆ దేశ పౌరసత్వం తీసుకున్నవాడు పంపితే అది విదేశీ విరాళం, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషను లేకుండా ముట్టుకోకూడదు. బంధువులు పంపుతామన్న అలాంటి సొమ్ము వద్దని చెప్పాం.

సువార్త మనకు సముద్రం దాటే వచ్చింది కదా, తిరిగి పంపొద్దా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఒడిశాలో పనిచేస్తున్న ఆమోస్ సట్టన్ తెలుగువారి కోసం అమెరికా బాప్టిస్టులను అడగబట్టే మిషనరీ శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగాడు. బ్రెక్లుమ్ నుంచి జర్మను మిషనరీలు ఈ జయపురం సీమకు వచ్చింది 1882లో. అయితే 1903లో వి.ఎస్. అజరయ్య తదితరులు తిరునెల్వేలిలో పెట్టిన భారత మిషనరీ సంఘం సముద్రం దాటలేదు. తమిళుల కానుకలతో తెలుగు దోర్నకల్‌కు మనిషిని పంపింది. వాళ్లు దాటింది భాషను. పుట్టాసింగి దగ్గరే ఉన్నా తెలుగు వచ్చిన సువార్తికుడు అక్కడ సవర నేర్చుకోనిదే వాక్యం చెప్పలేడు, కాబట్టి దాన్ని ఇంటి పని అనడం కమిటీకి సరిగా తోచలేదు. ఇది మా అభిప్రాయం, తీర్మానం కాదు.

18,061 రూపాయలు బ్యాంకు నిల్వలోనే విడిగా రాసి ఉన్నాయి, మరో పద్దుకు తాకలేదు. వాటిని సవర పనికి మార్చాలా, బయట పనిచేసే మనవాళ్లకు శిక్షణ ఇచ్చే భారతీయ సంస్థకు ఇక్కడే ఇవ్వాలా అన్నది వచ్చే సర్వసభ్య సమావేశం చేతులెత్తి తేల్చాలి. వోచర్లు, లెక్కింపు కాగితాలు ప్రతి ఆదివారం ఆరాధన తర్వాత కోశాధికారి దగ్గర చూడవచ్చు. నీటి దోనె బిగించిన వెల్డరుకు ఇంకా రూ. 4,000 ఇవ్వాలి. అది వచ్చే ఏడాది లెక్కలో కనిపిస్తుంది.