విత్తన వివాదాల్లో శాస్త్రవేత్త నివేదికకు కారణాలు ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మిరప తోట విరగపూసి కాయ పట్టకపోయినా, పత్తి చేనులో ఒక మొక్క నడుమెత్తు పెరిగి పక్క మొక్క మోకాలు దాటకపోయినా మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఏటా చూసే తంతు ఒకటే. రైతులు పీకిన మొక్కలు, ఖాళీ ప్యాకెట్లు పట్టుకుని విత్తనాల దుకాణం ముందు బైఠాయిస్తారు, అధికారులు వచ్చి శాస్త్రవేత్తలను పంపిస్తామని సర్దిచెబుతారు, పత్రికల్లో రెండు రోజులు ఫొటోలు వస్తాయి. ఆ వివాదం వినియోగదారుల కమిషన్‌కు ఎక్కిన తరువాత రైతు గెలుపోటములు చాలావరకు ఆ శాస్త్రవేత్త రాసిచ్చిన ఒకటి రెండు పేజీల నివేదిక మీద ఆధారపడతాయన్న సంగతి మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. వ్యవసాయ శాఖలో పనిచేసి, పరిశీలన బృందాల వెంట పొలాలకు తిరిగినవాడిగా ఆ నివేదికల గురించే ఈ లేఖ రాస్తున్నాను.

నర్సంపేట వైపు ఒక మిరప తోట కేసులో నేను చూసిన నివేదిక సారాంశం ఇది: మొక్కల ఎదుగుదల ఒకే తీరుగా లేదు, ఇందుకు విత్తన లోపం గానీ, వాతావరణం గానీ, రైతు యాజమాన్య పద్ధతులు గానీ కారణం కావచ్చు. కింద సంతకం, ముద్ర. విచారణలో కంపెనీ తరఫు వకీలు అడిగినవి ఎవరైనా అడగదగిన ప్రశ్నలే. ఎకరంలో ఎన్ని చోట్ల చూశారు, ఎన్ని మొక్కలు లెక్కపెట్టారు, అందులో ఎన్ని తేడాగా ఉన్నాయి, పక్క చేనుకు వెళ్లారా అని ఆయన అడిగాడు. ఆ అంకెల్లో ఒక్కటీ నివేదికలో లేదు. తోటలో మూడు గంటలు తిరిగిన పెద్దమనిషి, చూసినదేదీ కాగితం మీద పెట్టనందువల్ల, నోరు విప్పలేక నిలబడ్డాడు. రైతు కేసు అక్కడే పోయింది.

నిజానికి ఆ మూడు కారణాలను విడదీయడం చాలా సందర్భాల్లో సాధ్యమే. మొలక శాతం ప్రయోగశాలలో తేలుతుంది. మిరప విత్తనానికి కనీస మొలక ప్రమాణం 60 శాతం. కానీ మొలక బాగుండి రకం కల్తీ అయితే ఆ పరీక్ష ఏమీ చెప్పదు, దానికి పంట పెంచి చూసే గ్రో అవుట్ పరీక్షో, డీఎన్ఏ పరీక్షో కావాలి, లేదా నిలబడి ఉన్న తోటను లెక్కగా చూడాలి. విత్తనం కల్తీ అయితే బెరుకు మొక్కలు, అంటే వేరే రకం మొక్కలు, తోటంతా చెదురుమదురుగా కనిపిస్తాయి, ఆరోగ్యంగానే ఉంటాయి కానీ ఆకు తీరు, కొమ్మ తీరు, కాయ తీరు వేరుగా ఉంటాయి. అదే లాట్ నంబరు (ప్యాకెట్ మీద ఉండే తయారీ విడత సంఖ్య) విత్తనం వేసిన మరో ఊరి తోటలో కూడా ఆ బెరుకులు దాదాపు అదే పాళ్లలో ఉంటే, వానలను గానీ రైతును గానీ తప్పుపట్టే అవకాశం మిగలదు. ఆకుముడత వైరస్ అయితే తెల్లదోమ ఉందా లేదా అని చూడాలి. తామర పురుగు అయితే పూలను తెల్లకాగితం మీద దులిపి లెక్కపెట్టాలి. ఇవన్నీ తెలిసినవారే పొలానికి వస్తున్నారు, అయితే రాసేటప్పుడు మాత్రం ఎవరికీ కోపం రాని వాక్యం రాస్తున్నారు.

నివేదిక ఎలా ఉండాలో సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. హిమాచల్ ప్రదేశ్ ఆపిల్ తోటల దిగుబడి అంచనాకు సంబంధించిన 1999 నాటి తీర్పులో, నిపుణుడు తన అభిప్రాయం చెప్పి ఊరుకుంటే చాలదని, ఆ నిర్ణయం సరైనదో కాదో న్యాయమూర్తి స్వయంగా పరీక్షించుకోవడానికి కావలసిన శాస్త్రీయ ప్రమాణాలను కూడా ముందుంచాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. 1872 నాటి సాక్ష్య చట్టంలో నిపుణుల అభిప్రాయానికి సంబంధించిన 45వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 39వ సెక్షన్‌గా వచ్చినా ఆ సూత్రంలో మార్పు లేదు. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించనక్కర లేదు గనుక, నివేదికలో కారణాలు లేకపోయినా ఫరవాలేదని కొందరు వాదిస్తారు. నియమాలు సడలిన చోట కారణాలు మరింత అవసరమని నా అభిప్రాయం.

విత్తన నమూనా మిగల్చలేదు గనుక కేసు చెల్లదన్న కంపెనీల వాదన సంగతీ చెప్పాలి. వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం పరీక్ష లేకుండా తేలని లోపమైతే నమూనాను ప్రయోగశాలకు పంపాలి. పది గ్రాముల మిరప ప్యాకెట్ కొన్న రైతు రేపు కోర్టుకు వెళ్లాల్సి వస్తుందేమోనని రెండు గ్రాములు దాచిపెట్టుకుంటాడా? 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, మన అప్పటి ఉమ్మడి రాష్ట్ర రైతుల ఫిర్యాదుల మీదనే, కొన్న విత్తనమంతా విత్తుకున్న రైతు నమూనా దాచి ఉంచాలని ఆశించలేమని సుప్రీంకోర్టు తేల్చింది. నమూనా లేని చోట పొలం చూసినవారి మాటే ఆధారం. అందుకే ఆ మాట గట్టిగా ఉండాలి.

ఇక్కడ రైతు సంఘాల మిత్రులకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. నష్టపోయిన రైతును చూసి జాలితో విత్తనమే కారణమని రాసిచ్చే నివేదిక కూడా తప్పుడు సాక్ష్యమే. 2021-22లో నల్ల తామర పురుగు విరుచుకుపడి వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలు పూత దశలోనే మాడిపోయాయి. ఏ కంపెనీ గింజ వేసినవారికైనా అదే గతి పట్టింది. అప్పుడు దుకాణాల ముందు ధర్నాలు చేయించడం వల్ల, ప్రభుత్వం నుంచి రావలసిన పరిహారం మీద పెట్టవలసిన ఒత్తిడి పక్కదారి పట్టిందని నేను నమ్ముతాను. పైగా జాలి నివేదిక ఒకసారి విచారణలో తేలిపోతే, ఆ తరువాత అదే శాస్త్రవేత్త ఇచ్చే నిఖార్సయిన నివేదికను కూడా ఎదుటి వకీలు దానితోనే కొడతాడు.

మరో పక్షం నుంచి వచ్చే ఒత్తిడి ఇంత బాహాటంగా ఉండదు. ప్రైవేటు కంపెనీల రకాలను రుసుము తీసుకుని పరీక్షించే ఏర్పాటు వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో ఉన్నదే, అందులో తప్పు కూడా లేదు. కానీ ఈ ఏడాది ఒక కంపెనీ హైబ్రిడ్‌ను తన కేంద్రంలో పరీక్షిస్తున్న శాస్త్రవేత్తే అదే కంపెనీ విత్తనంపై ఫిర్యాదు వచ్చిన పొలానికి పరిశీలకుడిగా వెళ్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా, ఆ సంగతి నివేదిక మొదటి పేజీలోనే రాయాలి. రాయకుండా ఉండి, తరువాత బయటపడితే నష్టపోయేది ఆయన పరువుతో పాటు రైతు కేసు కూడా.

వరంగల్‌కు ఈ పాఠం కొత్తది కాదు. 1997-98లో పత్తి పైరు లద్దెపురుగు పాలై ఇక్కడి రైతులు ప్రాణాలు తీసుకున్నప్పుడు పురుగుమందు కల్తీయా, వాతావరణమా, అప్పులా అని అందరూ వాదించుకున్నారు. బీటీ పత్తి వచ్చిన తొలి ఏళ్లలోనూ అదే రగడ జరిగింది. చివరకు 2005 మేలో మెక్-12, మెక్-162, మెక్-184 రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించకూడదని జన్యుమార్పిడి పంటల ఆమోద కమిటీ నిర్ణయించింది. అనుమతి ఆగినంత మాత్రాన ఫలానా రైతుకు ఫలానా చేనులో ఎంత నష్టం జరిగిందో, ఎందువల్ల జరిగిందో తేలదు. దాన్ని తేల్చగలిగేది ఆ రోజున ఆ చేనులో లెక్కపెట్టిన మొక్కల సంఖ్యే.

అన్నింటికన్నా ముందు కాలం సంగతి చూడాలి. ఫిర్యాదు ఇచ్చాక బృందం రావడానికి వారాలు పడితే, రైతు ఆ తోటను దున్నేసి మొక్కజొన్న వేసుకుంటాడు, అందుకు అతన్ని తప్పుపట్టలేం. కనుక పైరు నిలిచి ఉండగానే పరిశీలన జరిగేలా ఉమ్మడి వరంగల్ జిల్లాల కలెక్టర్లు గడువు నిర్ణయించాలి. తిరిగిన చోట్లు, లెక్కపెట్టిన మొక్కలు, లాట్ నంబరు, పక్క పొలాల పరిస్థితి రాయడానికి గడులు ఉన్న ఒకే నమూనా పత్రాన్ని మన ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసి ఇస్తే శాస్త్రవేత్తలకూ రక్షణగా ఉంటుంది. తేల్చలేని సందర్భంలో తేల్చలేమని, ఎందుకు తేల్చలేమో కూడా కలిపి, ధైర్యంగా రాయవచ్చు. నివేదిక తెలుగులో ఉండాలి, దాని నకలు దుకాణదారుకూ కంపెనీకీ చేరిన రోజునే రైతు చేతికీ అందాలి. ఇప్పుడు చాలామంది రైతులు ఇంగ్లిషులో ఉన్న ఆ కాగితాన్ని మొదటిసారి చూసేది కమిషన్‌లో, ఎదుటి వకీలు చదివి వినిపించినప్పుడే.

భవదీయుడు,
ఒక విశ్రాంత వ్యవసాయాధికారి,
హనుమకొండ